గడ్డి తప్ప ఏముందక్కడ?

మెల్‌బోర్న్ పడమటి శివారు టార్నీట్‌లో ఎవరింటికి భోజనానికి వెళ్లినా నాకు ఎదురయ్యే మాట ఒకటే. "అంత దూరం పోయి ఉన్నారేంటక్కా, గడ్డి తప్ప ఏముందక్కడ?" అడిగేవాళ్లకి నా మీద ప్రేమే. రాత్రిపూట ఒక్కదాన్నే కారు నడుపుకుంటూ ఇల్లు చేరాలని వాళ్ల బెంగ. కానీ ఆ మాట వెనక ఒక నమ్మకం ఉంది. ఇల్లు లేని నేలంటే ఖాళీ నేల అనీ, ఇవాళ కాకపోతే రేపు అక్కడ ప్లాట్లు పడతాయనీ, పడితేనే ఆ చోటు బాగుపడినట్టనీ. నా పేచీ ఆ నమ్మకంతోనే. దీన్ని దాటి ఊరు పెరగకూడదని మెల్‌బోర్న్ చుట్టూ ప్రభుత్వం గీసిన పొలిమేర గీతను ఇక ఒక్క గజం కూడా బయటికి జరపకూడదు. ఆ మాట అందరికంటే ముందు అనాల్సింది ఆ గీత పక్కన కాపురాలు పెట్టిన మనమే.

మేముండేది నగరం పడమటి అంచునున్న మెల్టన్‌కి ఉత్తరాన, టూలెర్న్ వేల్ వైపు. ఐదెకరాల జాగా. కుళాయి నీళ్లు రావు, కప్పు మీద పడ్డ వాననీళ్లు ట్యాంకుల్లోకి పోతాయి, తాగడానికీ స్నానానికీ అవే. మురుగునీటికి సెప్టిక్ ట్యాంకు. పాల ప్యాకెట్టు కావాలన్నా కారు తీయాల్సిందే. పొద్దుగూకాక రోడ్డుకి అడ్డంగా కంగారూలు దూకుతాయి కాబట్టి ఎంత తొందరున్నా నెమ్మదిగానే నడపాలి. వసంతంలో మాగ్‌పై పక్షులు గూళ్లకు కాపలా కాస్తూ నెత్తి మీదికి దూసుకొస్తాయి. ఎండలు ముదిరితే టైగర్ పాములూ బ్రౌన్ పాములూ బయటికొస్తాయి, పిల్లలు చెప్పులతో గడ్డిలోకి దిగడానికి వీల్లేదు. ఈ నేల ఒకప్పటి లావా. చలికాలంలో జిగురుగా కాళ్లకు అంటుకుంటుంది, వేసవిలో అరచెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది. మన నల్లరేగడిలో నడిచినవాళ్లకి కొత్తేం కాదు. వాన మాత్రం తక్కువ. తూర్పున డాండెనాంగ్ కొండల మీద పడే దాంట్లో సగం కూడా ఇటు పడదు.

ఆ గీత పేరు అర్బన్ గ్రోత్ బౌండరీ. దాని వెనకున్న ఆలోచన ఇంకా పాతది. రూపర్ట్ హేమర్ 1960ల్లో స్థానిక పాలన మంత్రిగా ఉన్నప్పుడు, నగరం నాలుగు వైపులా ఒకే తీరున పాకిపోకుండా కొన్ని ప్రధాన మార్గాల వెంటే సాగాలనీ, వాటి మధ్య పొలాలూ వాగులూ అడవులూ ఉన్నవి ఉన్నట్టే ఉండాలనీ పట్టుబట్టారు. తర్వాత ఆయనే ప్రీమియర్, అంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవిలోకి వచ్చారు. 1971 నాటి ప్రణాళికలో ఆ మధ్య జాగాలకు చోటు దొరికింది. వాటినే గ్రీన్ వెడ్జ్‌లంటారు. 2002లో లేబర్ ప్రభుత్వం గీతను మ్యాపు మీదికి ఎక్కించింది, మరుసటేడు దానికి చట్టం తోడైంది. ఇప్పుడు 17 కౌన్సిళ్ల పరిధిలో అలాంటి వెడ్జ్‌లు 12 ఉన్నాయి. గీసినవాళ్లే 2010లో దాన్ని జరిపి 43 వేల హెక్టార్లకు పైగా నేలను, అంటే లక్ష ఎకరాల పైచిలుకు, లోపలికి కలిపేశారు. 2012లో లిబరల్ ప్రభుత్వం వచ్చి ఇంకో 6 వేల హెక్టార్ల దాకా కలిపింది. ఈ విషయంలో ఏ పార్టీకీ మినహాయింపు ఇవ్వాల్సిన పనిలేదు.

గీత జరిగితే పొలం పోతుందని అందరికీ తెలుసు. గీత జరగొచ్చన్న ఆశ కూడా పొలాన్ని చంపుతుందని మాత్రం పక్కన బతికితేనే తెలుస్తుంది. మా కంచె అవతల గొర్రెలు పెంచే పెద్దాయన ఉన్నారు. ఆయనకి అవతల ఉన్న పొలం ఎప్పుడో చేతులు మారింది. కొన్నవాళ్లు ఎవరో మాకు తెలియదు, వచ్చి చూసిన దాఖలా లేదు. కంచె పడిపోయింది. పాతకాలం వాళ్లు ఈ నేలలోంచి రాళ్లు ఏరి, సున్నం చుక్క వాడకుండా పేర్చిన గోడ ఒకటుంది, అదీ అక్కడక్కడా కూలుతోంది. కొన్నవాళ్ల లెక్క ప్రకారం ఇది తప్పేమీ కాదు. రేపు గీత జరిగితే ఎకరం ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది, ఈలోగా కంచెకి, ఎరువుకి, కలుపుకి పెట్టే ప్రతి డాలరూ దండగే. ధర మీద ఆశ పెరిగేకొద్దీ చుట్టుపక్కల భూముల విలువ పెరుగుతుంది, విలువతో పాటు కౌన్సిల్ పన్నూ పెరుగుతుంది, గొర్రెల మీద వచ్చే ఆదాయం అక్కడే ఉంటుంది. అలా నిజంగా సేద్యం చేసేవాడికి ఊపిరాడకుండా పోతుంది. ఆఖరికి ఆయన కూడా అమ్ముకుంటే, "చూశారా, అక్కడ వ్యవసాయం ఎలాగూ గిట్టదు, ఇళ్లే కట్టుకుందాం" అంటారు. గిట్టకుండా చేసిందెవరు మరి?

ఆ వదిలేసిన పొలంలోంచే మాకు సెరేటెడ్ టస్సక్ వస్తుంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన కలుపు. మెల్‌బోర్న్ ఉన్న మా విక్టోరియా రాష్ట్రంలో మొదట 1954లో బ్రాడ్‌మెడోస్ దగ్గర కనిపించింది, ఇప్పుడు పడమటి మైదానమంతా అల్లుకుంది. పశువు తిన్నా ఒంటపట్టదు, అంతా పీచే. దీన్ని గుర్తుపట్టడం ఆ పెద్దాయనే నాకు నేర్పారు. దుబ్బులోంచి ఒక ఆకు తుంచి నా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి దొర్లించమన్నారు. సూది దొర్లినట్టు నున్నగా తిరిగింది. ఇక్కడి సొంత టస్సక్ గడ్డి ఆకు అలా తిరగదు, అంచులు తగిలి ఆగుతుంది. తర్వాత ఆకుని కొస నుంచి మొదలు దాకా వేళ్లతో దూయమన్నారు. గరగరలాడింది. కంటికి ఆనని రంపపు పళ్లవి. ఒక్క దుబ్బు ఏడాదికి లక్షకు పైగా గింజలు వేయగలదట. వేసవిలో కంకి మొదలంటా విరిగి గాలికి లేస్తుంది. ఉత్తరపు గాలి తిరిగిన మర్నాడు మా కంచె వెంట మోకాలెత్తున పోగుపడి ఉంటుంది. చట్టప్రకారం ఎవరి జాగాలో కలుపు వాళ్లే తీయాలి. మేం పలుగు పట్టుకుని దుబ్బు దుబ్బూ పెళ్లగిస్తాం. అవతలి పొలానికి నోటీసులు వెళతాయి. మళ్లీ గాలి తిరుగుతుంది.

అయితే గడ్డంతా కలుపు కాదు. మెల్‌బోర్న్ పడమటి పొలిమేర నుంచి దాదాపు దక్షిణ ఆస్ట్రేలియా సరిహద్దు దాకా పరుచుకున్న ఈ లావా మైదానం, 1835లో తెల్లవాళ్ల గొర్రెలు దిగేనాటికి చెట్లు పల్చగా ఉన్న గడ్డి మైదానం. ఎండాకాలంలో తుప్పు రంగుకి తిరిగే కంగారూ గడ్డి, దాని మధ్య పసుపు పూల మర్నాంగ్. మర్నాంగ్ దుంపలను ఇక్కడి ఆదివాసీ స్త్రీలు కర్రలతో తవ్వి కాల్చుకు తినేవారు. గొర్రెలు దిగిన కొన్నేళ్లకే అది చాలాచోట్ల కనపడకుండా పోయింది. ఆనాటి గడ్డినేలలో నూటికి ఐదు వంతులు కూడా ఇప్పుడు మంచి స్థితిలో మిగల్లేదు. 2008లో కేంద్ర ప్రభుత్వం దీన్ని తీవ్రంగా అంతరించిపోతున్న వాటి జాబితాలో చేర్చింది. 2010లో గీత జరిపినప్పుడు విక్టోరియా ప్రభుత్వం ఒక మాట ఇచ్చింది: ఇళ్ల కింద పోయే గడ్డినేలకు బదులుగా, పడమర 15 వేల హెక్టార్లు 2020 కల్లా కొని రిజర్వుగా ఉంచుతామని. 2020లో ఆడిటర్ జనరల్ లెక్కచూస్తే కొన్నది అందులో పదో వంతు. ఈలోగా ఇళ్లు ఆగలేదు. కొనాల్సిన నేల ధర పెరుగుతూ పోయింది. కొనేదాకా అది ప్రైవేటు చేతుల్లోనే ఉంటుంది కాబట్టి, అమ్మబోయే నేలకు కలుపు ఎందుకు తీయాలని చాలామంది వదిలేశారు. ఆ టస్సక్కే రిజర్వు కావాల్సిన నేలని తింటోంది.

2023లో ఈ మైదానంలోనే ఒక బల్లి దొరికింది. గ్రాస్‌ల్యాండ్ ఇయర్‌లెస్ డ్రాగన్. బయట చెవి రంధ్రం కనపడదు, వేలంత పొడవు. 50 ఏళ్లుగా ఎవరికీ కనపడకపోవడంతో పోయిందనే అనుకున్నారు. ఈ గడ్డిలోనే, సాలీళ్లు వదిలిన బొరియల్లాంటి వాటిల్లో అది బతికే ఉంది. ఇది చదివిన రోజు మా పిల్లలతో పాటు నేనూ గంతేశాను. గడ్డి తప్ప ఏముందని అడిగేవాళ్లకి నా దగ్గరున్న జవాబుల్లో ఇదొకటి.

ఇక నిప్పు సంగతి. దీని గురించి మన కొత్త ఎస్టేట్లలో ఎవరూ మాట్లాడకపోవడం నాకు భయం పుట్టిస్తుంది. అడవి ఉంటేనే కార్చిచ్చు అనుకుంటారు. ఎండిన గడ్డికి నిప్పంటుకుంటే గంటకి 25 కిలోమీటర్ల వేగంతో పోగలదు, మనిషి పరిగెత్తి తప్పించుకోలేడు. 1969 జనవరి 8న గీలాంగ్ రోడ్డు పక్కన లారా దగ్గర గడ్డి మంటలు రోడ్డు దాటాయి. కార్లు వదిలి బయటికి పరిగెత్తినవాళ్లతో సహా రోడ్డు మీదే 17 మంది చనిపోయారు. ఆ లారాకీ మన విండమ్ వేల్ ఇళ్లకీ మధ్య ఉన్నది అవే పొలాలు, వీచేది అదే గాలి.

మొన్నామధ్య మా అమ్మ హైదరాబాద్ నుంచి వచ్చి ఉన్నప్పుడు ఆరుబయట నిప్పు రాజేయకూడదని నిషేధించే టోటల్ ఫైర్ బ్యాన్ రోజు ఒకటి పడింది. తెల్లారేసరికే ఉత్తరపు గాలి. తలుపు తీసి అమ్మ, "ఇదేం గాలి బిడ్డా, మన వడగాడ్పు గూడ ఇట్ల కొట్టది" అంది. ఆ రోజు మేం చేసే పనులు ఒక క్రమంలో ఉంటాయి. కారు ముందు భాగం గేటు వైపు తిప్పి పెడతాం. పాస్‌పోర్టులు, మందులు, నీళ్లు, ఉన్ని దుప్పట్లు కార్లో ఉంటాయి. నైలాన్ బట్టలు విప్పించి అందరికీ నూలు బట్టలు, ఫోన్లో ప్రమాద హెచ్చరికలిచ్చే విక్‌ఎమర్జెన్సీ యాప్. కప్పు గొట్టాల్లో ఎండుటాకులు ముందే తీసేసి ఉంటాయి, ఇంటి చుట్టూ గడ్డి పది సెంటీమీటర్లు మించకుండా కోసి ఉంటుంది. సాయంత్రం నైరుతి నుంచి చల్లగాలి తిరుగుతుంది. ఊళ్లో ఉన్నవాళ్లకి అది హాయి. ఇక్కడ అదే అసలు గండం, ఎందుకంటే అప్పటిదాకా సన్నగా పొడుగ్గా దక్షిణానికి సాగిన మంట పక్కభాగమంతా గాలి తిరగ్గానే ఒక్కసారిగా ముందుభాగం అవుతుంది. మమ్మల్ని కాపాడేది కంట్రీ ఫైర్ అథారిటీ. 1939, 1944 నాటి ఘోరమైన మంటల తర్వాత 1945లో ఏర్పడింది. ఎర్రబండి ఎక్కేవాళ్లలో అత్యధికులు జీతం లేని వాలంటీర్లే. రైతు, ప్లంబరు, స్కూలు టీచరు. పొలాలు పోతే ఆ రైతులు పోతారు, రైతులు పోతే మంట దాటకుండా ట్రాక్టరుతో నేల గీకి ఫైర్ బ్రేక్ కొట్టేవాడూ, ఏ గేటు ఎటు తెరుచుకుంటుందో తెలిసినవాడూ పోతాడు. వాళ్ల స్థానంలో వచ్చే మనం రోజుకి మూడు గంటలు ప్రయాణాలకే పెడతాం, బ్రిగేడ్‌లో చేరేది ఎప్పుడు? చేరిన మనవాళ్లు ఒకరిద్దరు నాకు తెలుసు, వాళ్లంటే నాకు చాలా గౌరవం.

తిండి సంగతి రెండు మాటల్లో. మనం వండే కాలీఫ్లవర్‌లో చాలా భాగం వెరిబీ సౌత్ తోటల నుంచే వస్తుంది, పక్కనున్న వెస్టర్న్ ట్రీట్‌మెంట్ ప్లాంటులో శుద్ధిచేసిన నీళ్లతో పండుతుంది. 1897 నుంచి నగరం మురుగుని మోస్తున్న ప్లాంటు అది. మెల్‌బోర్న్ చుట్టుపక్కల పొలాలు నగరం తిండి అవసరంలో 41 శాతం తీర్చగలవనీ, ఊరు ఇలాగే పాకితే 2050 నాటికి అది 18 శాతానికి పడిపోవచ్చనీ మెల్‌బోర్న్ యూనివర్సిటీ పరిశోధకులు దాదాపు పదేళ్ల కిందటే చెప్పారు.

ఇప్పుడు అవతలి వాదన. "మీకు ఐదెకరాలు దొరికాయి కాబట్టి గేటు మూసేస్తానంటున్నారు. నిన్నగాక మొన్న వచ్చిన పిల్లలు, అద్దెలు కట్టలేక చస్తున్నవాళ్లు ఎక్కడ కొనుక్కోవాలి?" దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఆ పిల్లలు నా తమ్ముళ్లూ చెల్లెళ్లే. కానీ వాళ్లకి మనం ఏం ఇస్తున్నామో కూడా చూడాలి. టార్నీట్ ఉన్న విండమ్ కౌన్సిల్ జనాభా 2011లో లక్షా 60 వేలు, 2021లో 2 లక్షల 90 వేలు దాటింది. టార్నీట్‌కి స్టేషన్ 2015లో వచ్చింది. వచ్చేది మెట్రో కాదు, గీలాంగ్ నుంచి పొద్దున్నే నిండుగా వచ్చే డీజిల్ రైలు. మెల్టన్‌లో 2021 నాటికే లక్షా 78 వేల మంది ఉన్నారు. రైలు ఇప్పటికీ డీజిలే, కరెంటు లైను మాట ఎన్నికలకొకసారి వినపడుతుంది. పురుటినొప్పులొస్తే ఊరు దాటి పరిగెత్తాలి, పెద్ద ఆసుపత్రి ఇంకా కడుతున్నారు. చౌకగా ఇల్లు దొరికిందనుకుంటాం, మిగతా ధర రెండు కార్ల ఈఎంఐలోనూ, పెట్రోలులోనూ, నిద్రపోయాక మాత్రమే బిడ్డ మొహం చూసే తండ్రి రోజుల్లోనూ కడుతూనే ఉంటాం. ప్రభుత్వానికి కూడా ఇది చౌక కాదు. కొత్తనేలలో ఒక ఇంటికి రోడ్లూ నీళ్లూ బళ్లూ అమర్చడానికి, ఇప్పటికే వసతులున్న ప్రాంతాల్లో అయ్యేదానికి రెండు నుంచి నాలుగు రెట్లు ఖర్చవుతుందని ప్రభుత్వ సలహా సంస్థ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ విక్టోరియా 2019లోనే చెప్పింది.

కాబట్టి ఇళ్లు వద్దనడం లేదు. గీత లోపల ఇంకా చాలా నేల ఉంది, ముందు అక్కడ రైలూ బడీ ఇచ్చి కట్టండి అంటున్నాను. ట్రామూ రైలూ లైబ్రరీ ఆసుపత్రీ అన్నీ ఉన్న పాత శివార్లలో ఫ్లాట్లు కట్టండి అంటున్నాను. 2023 సెప్టెంబరులో ప్రభుత్వం కూడా కొత్త ఇళ్లలో 70 శాతం పాత ప్రాంతాల్లోనే రావాలని లక్ష్యం పెట్టుకుంది. 2024 అక్టోబరులో స్టేషన్ల చుట్టూ ఎత్తయిన భవనాల ప్రణాళిక ప్రకటించడానికి ప్రీమియర్ బ్రైటన్ వెళితే, అక్కడివాళ్లు వీధిలోకొచ్చి కేకలు వేశారు. సముద్రం పక్కన, సిటీకి నేరుగా రైలున్న శివారది. వాళ్ల వీధి రూపం మారకూడదన్న పట్టుదలకి బదులుగా మా పొలాలు మారాలా? గేటు మూస్తున్నది ఎవరో ఇక్కడ ఆలోచించండి.

ఇది నాకు అంత గట్టిగా తగలడానికి కారణం మొయినాబాద్. మా అమ్మమ్మ ఊరు అటే. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువులను కాపాడటానికి 1996లో 111 జీవో వచ్చింది. చుట్టూ పది కిలోమీటర్లు, 84 ఊళ్లు. పెద్ద కట్టడాలు కట్టకూడదు. నా చిన్నప్పుడు అక్కడ టమాటా, కాకర, బంతిపూలు. జీవో ఉన్నన్నాళ్లూ కూడా "ఇవాళో రేపో ఎత్తేస్తారు" అన్న మాట ఊళ్లో తిరుగుతూనే ఉండేది. ఆ మాట మీదే భూములు చేతులు మారాయి. కొన్నవాళ్లు ప్రహరీ కట్టి తాళం వేశారు, బోరు ఎండితే అడిగినవాడు లేడు. 2022లో 69వ నంబరు జీవోతో ఆంక్షలు తీసేస్తున్నామన్నారు. అప్పటికి సేద్యం చేసేవాళ్లు ఎంతమంది మిగిలారని? మా మామయ్య అమ్మకుండా నిలబడ్డాడు. చుట్టూ గోడలొచ్చి, పొలానికి పోయే బండిబాట మూసుకుపోయాక ఆయనా అమ్మేశాడు. నేనీ కథ ఒకసారి చూశాను. ఇక్కడ రెండోసారి మొదటి నుంచీ చూస్తున్నాను.

అందుకే మన వాట్సాప్ గ్రూపుల్లో "మెల్టన్ అవతల ఎకరాల్లో వాటా, గీత జరిగితే జాక్‌పాట్" అని వచ్చే మెసేజీలు చూస్తే నాకు కడుపు మండుతుంది. ల్యాండ్ బ్యాంకింగ్ పేరుతో ఇలా పొలాల్లో వాటాలమ్మిన పథకాల మీద 2015 ప్రాంతంలో కంపెనీల మీద, పెట్టుబడుల మీద నిఘా పెట్టే కేంద్ర సంస్థ ఆసిక్ కోర్టుకెక్కింది. ఎంతోమంది రిటైర్‌మెంట్ డబ్బు పోగొట్టుకున్నారు. డబ్బు పోకపోయినా ఇది మంచి బేరం కాదు. మన పిల్లలు చదివే బడికి రావాల్సిన పోర్టబుల్ గదుల డబ్బు, మనమెక్కే రైలుకి రావాల్సిన కరెంటు తీగల డబ్బు, గీత జరిగిన ప్రతిసారీ ఇంకా దూరం పరిచే పైపులకీ రోడ్లకీ పోతుంది. గీత జరపమని కోరుకోవడమంటే మన రైలుని మనమే ఆపుకోవడం.

ఒక విషయం చాలామందికి తెలియదు. ఈ గీతను మంత్రి ఒక్కరే సంతకం పెట్టి జరపలేరు. పార్లమెంటు రెండు సభలూ ఒప్పుకోవాలి. విక్టోరియాలో నాలుగేళ్లకోసారి నవంబరు చివరి శనివారం ఎన్నికలు, ఓటు తప్పనిసరి. టార్నీట్, మెల్టన్, కల్కల్లో, క్లైడ్ నార్త్ లాంటి చోట్ల మన ఓట్లు ఇప్పుడు అభ్యర్థులు లెక్కపెట్టుకునేంత ఉన్నాయి. మన సంఘాల ఉగాది, బతుకమ్మ వేదికల మీదికి వాళ్లొస్తారు, శాలువా కప్పించుకుంటారు, నమస్కారం పెడతారు. ఈసారి మైకు వాళ్లకిచ్చే ముందు రెండు ప్రశ్నలు అడగండి. గీత జరిపే తీర్మానం సభకొస్తే మీ ఓటు ఎటు? మెల్టన్, విండమ్ వేల్ లైన్లకి కరెంటు ఏ ఏడాదికి? జవాబు తెలుగులోకి మార్చి గ్రూపుల్లో పెట్టే పని నేను చేస్తాను.